పూట చూసి పుట్టే పరిమళం

పొద్దెక్కకముందే తోటలో కోసిన బొండుమల్లె మొగ్గను ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. పచ్చిదనం తప్ప పెద్దగా ఏమీ తెలియదు. అదే మొగ్గ అరటినారలో దండగా మారి, మూరల లెక్కన అమ్ముడై, దీపాలు పెట్టేవేళకు జడలో రేకులు విప్పిందంటే ఇల్లంతా నిండిపోతుంది. కోతకూ పరిమళానికీ మధ్య ఒక పగలంతా గడిచిపోయింది. ఆ పగలంతా మొగ్గకు వేరు లేదు, కొమ్మ లేదు, నీరు అందించే మట్టి లేదు. అయినా వేళ తప్పలేదు.

వాసన మొగ్గ లోపల దాక్కుని ఉండి, రేకులు విప్పగానే బయటపడుతుందని చాలామంది అనుకుంటారు. మొగ్గలో ఉండేది ముడిసరుకు మాత్రమే. కొన్ని పూలు వాసన అణువులను చక్కెర అణువుకు తగిలించి, గాల్లోకి ఎగరలేని రూపంలో ఉంచుకుంటాయి. విచ్చుకునే వేళకు ఎంజైములు ఆ ముడి విప్పుతాయి. మిగతాదంతా అప్పటికప్పుడు తయారవుతుంది. తెంపినా రేకుల్లోని కణాలు ఇంకా బతికే ఉంటాయి, ఊపిరి పీలుస్తూనే ఉంటాయి, తమ దగ్గర మిగిలిన చక్కెరను ఖర్చుపెట్టి పరిమళాన్ని తయారుచేస్తూనే ఉంటాయి. పూల వాసన గురించి గత 30 ఏళ్ళలో ప్రయోగశాలలు తేల్చిన సంగతులన్నిటికీ మూలం ఇదే: పరిమళం పువ్వు చేసే పని. ఎంత చేయాలో, ఎప్పుడు చేయాలో, ఎప్పుడు ఆపాలో కూడా పువ్వుకు తెలుసు.

ఈ సంగతి రసాయన శాస్త్రం చెప్పకముందే చేతిపనివాళ్ళకు తెలుసు. చైనాలోని గ్వాంగ్సీ ప్రాంతంలో హెంగ్జౌ అనే ఊరు మల్లెతోటలకు పేరు. మనం జడలో పెట్టుకునే జాస్మినమ్ సాంబాక్ జాతే అక్కడా పండుతుంది. పగలు కోసిన మొగ్గలను రాత్రికి తేయాకుతో కలిపి పోగుపెడతారు. రాత్రంతా మొగ్గలు విచ్చుకుంటుంటే, వాటి ఊపిరిని తేయాకు పీల్చుకుంటుంది. తర్వాత పూలను ఏరేస్తారు. మేలురకం టీ కావాలంటే కొత్త మొగ్గలతో మళ్ళీ మళ్ళీ ఇదే పని. ఫ్రాన్సులోని గ్రాస్ పట్టణంలో అత్తరు పనివాళ్ళు గాజు పలకల మీద వాసనలేని కొవ్వు పూసి, దాని మీద జాజిపూలను, మన బజార్లో లిల్లీ అని పిలిచే రజనీగంధను పరిచేవారు. ఆ పూలు కోసిన తర్వాత కూడా గంటల తరబడి వాసన పుట్టిస్తూ ఉంటాయి కాబట్టి వేడి తగలకుండా, ఓపికగా, వాటి చేతే పని చేయించుకున్నారన్నమాట. ఉత్తరప్రదేశ్‌లో జాజిపూలను నువ్వులతో పొరలు పొరలుగా పరిచి, పూలు మార్చి మార్చి, చివరికి ఆ నువ్వులను గానుగాడించి చమేలీ నూనె తీసిన పద్ధతి వెనకున్నదీ ఇదే తెలివి. గులాబీతో మాత్రం ఈ ఓపిక పనికిరాదు. కోసిన గులాబీ వాసన త్వరగా తగ్గిపోతుంది. అందుకే కన్నౌజ్‌లోనైనా బల్గేరియాలోనైనా తెల్లవారుజామున కోసి, వెంటనే బట్టీకి ఎక్కిస్తారు.

రేకు పైపొరలో

వాసన కావాలంటే ముందు అణువు తేలిగ్గా ఉండాలి. సాయంత్రపు గాలి తగిలితే చాలు, ఎగిరిపోగలగాలి. ఇలాంటి అణువులను పూలలో ఇప్పటికి 1,700కు పైగానే గుర్తించారు. ఏ పువ్వూ ఒక్కదానితో సరిపెట్టుకోదు, పదుల సంఖ్యలో కలుపుకుంటుంది. తయారీ ఎక్కువగా జరిగేది రేకు పైపొర కణాల్లో. సూక్ష్మదర్శినిలో చూస్తే అవి చాలా పూలలో చిన్న చిన్న శంకువుల్లా కనిపిస్తాయి.

ఈ అణువుల్లో మూడు పెద్ద కుటుంబాలున్నాయి. మల్లెలోనూ గులాబీలోనూ ఉండే లినలూల్, జెరానియాల్ వంటివి టెర్పీన్లు. రెండో కుటుంబం ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లం నుంచి పుడుతుంది. మల్లెకు తీపిదనం ఇచ్చే బెంజైల్ ఎసిటేట్, గులాబీలోని ఫినైల్ ఇథనాల్, లవంగం వాసననిచ్చే యూజెనాల్ అన్నీ ఆ వంశమే. మూడోది కొవ్వు ఆమ్లాలు విరిగి వచ్చేది. జాజి పరిమళానికి దాని సొంత ముద్ర వేసే జాస్మోన్ ఈ కోవకు చెందుతుంది.

మల్లెలో ఇండోల్ అనే అణువు కూడా ఉంది. విడిగా, చిక్కగా పీలిస్తే ముక్కు మూసుకోవాల్సినంత ఘాటు, మురుగుకు దగ్గరి వాసన. ఆ అణువే మిగతావాటి మధ్య కొద్దిగా ఉంటే మల్లెకు ఆ లోతు, ఆ మత్తు వస్తాయి. కృత్రిమంగా కలిపిన చవక మల్లె సెంటు ఒట్టి తీపిగా, పలచగా అనిపిస్తే చాలాసార్లు లోపించేది ఇదే. గులాబీనూనెలో డమాస్సెనోన్ అనే అణువు ఒక్క శాతం కూడా ఉండదు, అయినా ఆ నూనె గులాబీలా వాసన రావడంలో పెద్ద వాటా దానిదే. పులుసులో ఇంగువ వంటిది దాని పాత్ర. మూడు నాలుగు టన్నుల రేకులను బట్టీ పెడితే దక్కేది కిలో నూనె. ఆ కిలోలో ఇంత సూక్ష్మమైన తూకం ఉందని తెలిశాక, అత్తరు ధర విని నోరెళ్ళబెట్టడం కొంచెం తగ్గుతుంది.

జాజినూనె కథలో ఇంకో మలుపుంది. 1962లో ఆ నూనె నుంచి మిథైల్ జాస్మొనేట్ అనే అణువును వేరుచేశారు. అప్పటికి అది సువాసన పరిశ్రమకు సంబంధించిన సంగతే. 1990లో అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో ఫార్మర్, రయాన్ అనే ఇద్దరు ఒక సంగతి కనిపెట్టారు. ఈ అణువును విడుదల చేసే సేజ్‌బ్రష్ మొక్కను టమాటా మొక్క పక్కన పెడితే, టమాటా ఆకులు పురుగుల జీర్ణశక్తిని దెబ్బతీసే ప్రొటీన్లను తయారుచేసుకున్నాయి. అంటే జాజిపువ్వును మనకు ఇష్టమైనదిగా చేసిన ఆ అణువు, మొక్కల లోకంలో పురుగుల దాడికి సంబంధించిన హెచ్చరిక. పూల పరిమళం మన కోసం పుట్టలేదని ఇంతకంటే సూటిగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

ఒక జన్యువు దొరికిన వేళ

కాలిఫోర్నియాలో క్లార్కియా బ్రెవెరీ అనే చిన్న అడవిపువ్వు ఉంది. దాని దగ్గరి బంధువు క్లార్కియా కన్సిన్నాకు వాసన లేదు, దీనికి మాత్రం ఘాటైన తీపి వాసన. ఇంత దగ్గరి బంధువుల మధ్య ఈ తేడా ఎందుకు వచ్చింది? మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఎరాన్ పిచెర్‌స్కీ, నటాలియా దుదారెవా బృందం ఈ ప్రశ్నను పట్టుకుని వెళ్ళింది. లినలూల్‌ను తయారుచేసే ఎంజైమును, దాని జన్యువును 1996లో వెల్లడించింది. పూల పరిమళానికి సంబంధించి చేతికి చిక్కిన తొలి జన్యువు అది. అప్పటిదాకా రంగు మీద, ఆకారం మీద కుప్పలుగా పరిశోధన జరిగింది కానీ వాసన వైపు పెద్దగా ఎవరూ తిరగలేదు. రంగు కంటికి కనిపిస్తుంది, దాన్ని లెక్కపెట్టవచ్చు. వాసనను పట్టాలంటే పువ్వును గాజుగొట్టంలో పెట్టి, దాని చుట్టూ ఉన్న గాలిని గంటలకొద్దీ పీల్చి, అందులో ఏముందో యంత్రంతో విడదీయాలి.

గులాబీ రహస్యం తేలడానికి ఇంకో 19 ఏళ్ళు పట్టింది. ఫ్రాన్సులోని సెంటెటియెన్ నగరంలో సిల్వీ బోదినో బృందం రెండు ఎర్రగులాబీలను పక్కపక్కన పెట్టుకుంది. ఒకటి పాపా మెయాన్, ముదురు ఎరుపు, గొప్ప పరిమళం. రెండోది రూజ్ మెయాన్, చూడడానికి తీసిపోదు కానీ వాసన లేదు. ఒకదానిలో బాగా పనిచేస్తూ రెండోదానిలో మూగబోయిన జన్యువు కోసం వెతికారు. దొరికింది చూసి వాళ్ళే ఆశ్చర్యపోయి ఉండాలి. టెర్పీన్లను తయారుచేస్తాయని పాఠ్యపుస్తకాలు చెప్పే ఎంజైముల జాబితాలో అది లేనే లేదు. న్యూడిక్స్ అనే కుటుంబానికి చెందిన ఆ ఎంజైము బంధువులు బ్యాక్టీరియా లాంటి జీవుల్లో చేసే పని, కణంలో చెడిపోయిన అణువులను ఏరి శుభ్రం చేయడం. గులాబీ ఆ శుభ్రతా పనిముట్టును తీసుకుని జెరానియాల్ తయారీకి పెట్టుకుంది. 2015లో 'సైన్స్' పత్రికలో ఈ సంగతి అచ్చయింది. ప్రపంచంలో ఎక్కువమంది ప్రేమించిన పూలవాసన పుట్టిన దారి, మిగతా మొక్కలు నడిచిన దారి కాదన్నమాట.

చీకటి పడితేనే

ఇక వేళల సంగతికి వద్దాం. మల్లె, పారిజాతం, రాత్రిరాణి చీకటి పడ్డాకే ఎందుకు పరిమళిస్తాయి? చీకటిని చూసి మేల్కొంటాయా? 1960లోనే రాత్రిరాణి మీద జరిగిన పరిశోధన ఆ లయ పువ్వు లోపలిదేనని చూపింది. మొక్కకు సొంత గడియారం ఉంది.

ఆ గడియారం పరిమళాన్ని ఎలా నడిపిస్తుందో చెప్పింది పెటూనియా. మన బాల్కనీల్లో చలికాలం అంతా పూసే ఆ మొక్కే. పూలవాసన శాస్త్రానికి ఇది పలక, బలపం రెండూ. 2005లో నెదర్లాండ్స్‌లో ఒడొరాంట్-1 అనే జన్యువును గుర్తించారు. అది స్వయంగా వాసన తయారుచేయదు, తయారుచేసే జన్యువులకు పని మొదలుపెట్టమని ఆజ్ఞ ఇస్తుంది. మరి ఆ ఆజ్ఞ సాయంత్రమే ఎందుకు? యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ పరిశోధకులు 2015లో జవాబు చెప్పారు. మొక్క గడియారంలో ఎల్‌హెచ్‌వై అనే ప్రొటీన్ ఉంది. అది తెల్లవారుజామున ఎక్కువగా ఉండి ఒడొరాంట్-1 నోరు నొక్కేస్తుంది. పగలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. సాయంత్రానికి అడ్డు తొలగి ఆజ్ఞ బయటికి వస్తుంది, పరిమళం మొదలవుతుంది. ఎల్‌హెచ్‌వైని రోజంతా ఎక్కువగా ఉండేలా మార్చిన మొక్కల్లో వాసన దాదాపు పోయింది.

తెల్ల పెటూనియా కోసం వచ్చేది రాత్రిపూట తిరిగే హాక్‌మాత్ అనే పెద్ద చిమ్మట. పగలు వాసన వెదజల్లితే ఆ ఖర్చు వృథా. స్నాప్‌డ్రాగన్ దగ్గరికి పగటిపూట తేనెటీగలు వస్తాయి, అందుకే దాని మిథైల్ బెంజోయేట్ విడుదల పగలే ఎక్కువ. అతిథి వేళను బట్టి వంట మొదలవుతుంది.

ఈ పొదుపు అంతటితో ఆగదు. పువ్వుకు పుప్పొడి చేరిందనుకోండి. స్నాప్‌డ్రాగన్, పెటూనియా రెండింటిలోనూ పుప్పొడి నాళాలు అండాశయాన్ని చేరాకే వాసన తగ్గడం మొదలవుతుందని దుదారెవా బృందం 2003లో చూపింది. పెటూనియాలో ఆ కబురు మోసేది ఎథిలీన్, అంటే గదిలో ముగ్గేసిన అరటిగెలను పండించే వాయువు. కీలాగ్రం మీద పుప్పొడి పడడం ఒక్కటే చాలదు, గర్భం నిలిచే అవకాశం ఖాయమవ్వాలి. ఆ తర్వాత ఆ పువ్వు మీదికి ఇంకో కీటకం రావాల్సిన పనిలేదు, పక్కన ఇంకా ఎదురుచూస్తున్న పూల వైపు పోతే మొక్కకే మేలు.

మొగ్గ దశలో జరిగే ఒక సంగతి నన్ను బాగా ఆకట్టుకుంది. పెటూనియా ఇంకా విచ్చుకోకముందు, మూసుకున్న గొట్టంలాంటి రేకుల లోపలి గోడల నుంచి సెస్క్విటెర్పీన్లు అనే అణువులు వెలువడి, మధ్యలో ఉన్న కీలాగ్రం వాటిని పీల్చుకుంటుంది. బయటికి ఏ వాసనా రాదు. కీలాగ్రాన్ని సూక్ష్మజీవుల నుంచి కాపాడడంలో ఆ ధూపానికి పాత్ర ఉందని 2019లో తేలింది. అతిథులను పిలవడం మొదలుకాకముందే ఇంట్లోవాళ్ళకు సాంబ్రాణి వేసుకోవడమన్నమాట.

గడప దాటడానికీ పంపు కావాలి

కణంలో తయారైన వాసన గాల్లోకి ఎలా చేరుతుంది? ఆవిరిలా దానంతటదే ఎగిరిపోతుందని చాలాకాలం అనుకున్నారు. లెక్క వేసి చూస్తే కుదరలేదు. దానంతటదే బయటపడాలంటే కణం చుట్టూ ఉన్న పొరలో ఆ అణువులు ఎంత పేరుకోవాలంటే, ఆ పొరే పాడైపోవాలి. ఈ అణువులు కొవ్వులో కరిగే రకం, ఎక్కువైతే కణానికి విషం. 2017లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలోని దుదారెవా బృందం పెటూనియాలో ఒక ప్రొటీన్‌ను పట్టుకుంది. శక్తిని ఖర్చుపెట్టి వాసన అణువులను కణం నుంచి బయటికి నెట్టే పంపు అది. ఆ జన్యువు పనిని తగ్గించిన మొక్కల్లో వాసన బయటికి రావడం తగ్గింది, లోపల పేరుకుంది, కణపొరలు దెబ్బతిన్నాయి.

పంపు దాటాక రేకు మీద మైనపు పొర ఉంటుంది. ఆ మైనం అడ్డం కాబట్టి దాన్ని పలచన చేస్తే వాసన పెరగాలి. 2021లో ప్రయోగం చేసి చూస్తే ఫలితం తిరగబడింది: మైనం పలచబడితే వాసన తగ్గింది. బయటికి పోయే అణువుల్లో చాలాభాగం ముందు ఆ మైనంలో నిలుస్తాయి. ఆ నిలువచోటు లేకపోతే అణువులు కణంలోనే పోగుపడతాయి, అప్పుడు మొక్క తయారీనే తగ్గించుకుంటుంది. పెటూనియా తన పరిమళం తనకే విషం కాకుండా ఉండడానికి ఇంత ఏర్పాటు చేసుకుంది.

వాసన మానేసిన పూలు

దక్షిణ బ్రెజిల్‌లో రాతిగుట్టల మీద పెటూనియా ఎక్సెర్టా అనే ఎర్రపువ్వు పెరుగుతుంది. దాన్ని వెతుక్కుంటూ వచ్చేది హమ్మింగ్ బర్డ్. ఆ పిట్ట తేనెను వెతకడంలో కంటినే నమ్ముకుంటుంది, పువ్వు వాసనతో దానికి పెద్దగా పనిలేదు. బెర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ పువ్వు జన్యువులను చదివితే, వాసన తయారీకి కీలకమైన ఒక జన్యువు చెడిపోయి కనిపించింది. వాడకం లేని నైపుణ్యం ఇలాగే జారిపోతుంది. పిట్టలు వాలే మన మోదుగపువ్వుకు వాసన లేకపోవడాన్ని పాతకవులు చదువులేనివాడితో పోల్చారు. పాపం, మోదుగ పరంగా చూస్తే అందులో లోపమేమీ లేదు.

సంపెంగ సంగతి ఇంకా చిత్రం. దాని మీద తుమ్మెద వాలదని కవుల మాట. నంది తిమ్మనకు 'ముక్కు తిమ్మన' అన్న పేరు తెచ్చిందని చెప్పుకునే పద్యానికి ఆధారం ఈ నమ్మకమే: తుమ్మెద తనను కాదన్నదని బాధపడి, సంపెంగ తపస్సు చేసి, అందమైన ముక్కుగా పుట్టిందట. సంపెంగ మాగ్నోలియా కుటుంబానికి చెందింది. ఆ కుటుంబపు పూలలో ఎక్కువభాగం ఎదురుచూసేది పెంకుపురుగుల కోసం. మందమైన రేకులు, గదిని కమ్మేసే బరువైన వాసన ఆ అతిథులకు తగ్గ ఏర్పాట్లు. కవుల సంప్రదాయానికీ వృక్షశాస్త్రానికీ ఇక్కడ కుదిరిన పొత్తు చూస్తే మనసుకు హాయిగా ఉంటుంది.

మన దండల్లో వాసనలేని పువ్వు ఒకటి తరతరాలుగా ఉంది, కనకాంబరం. దానికి వాసన లేదని ఎవరూ వదిలేయలేదు. రంగుకు దాన్ని పెట్టి, వాసనకు పక్కన మల్లెనో మరువాన్నో దవనాన్నో కలిపి కట్టారు. కంటికి ఒకటి, ముక్కుకు ఒకటి అన్న లెక్క పూలు కట్టే ఆడవాళ్ళ వేళ్ళలో ఎప్పుడో స్థిరపడింది.

ఇప్పుడు ఆ లెక్క తప్పుతోంది. పెళ్ళి వేదికల మీదా పుష్పగుచ్ఛాల్లోనూ కనిపించే పాలీహౌస్ గులాబీలను వాసన చూస్తే చాలావాటికి ఆకు వాసన తప్ప ఇంకేమీ రాదు. పొడవాటి కాడ, బిగువైన మొగ్గ, దూరప్రయాణానికి తట్టుకునే రేకులు, కుండీలో ఎక్కువ రోజులు నిలవడం, తెగుళ్ళకు లొంగకపోవడం అనే గుణాలను చూసి తరాల తరబడి ఎంపిక చేశారు. వాసన ఆ జాబితాలో లేదు. ఎవరూ దాన్ని కావాలని తీసేయలేదు, ఎవరూ కాపాడలేదు అంతే. ఒకప్పుడు లవంగం వాసనతో పేరు పడ్డ కార్నేషన్‌కూ ఇదే గతి పట్టింది. తేనెటీగ చేసే ఎంపికలో ముక్కుకు ఓటుంది. మనం చేసిన ఎంపికలో కంటికి మాత్రమే ఓటు.

పోయింది తిరిగి రాదా? రాగలదు. రంగుకూ వాసనకూ కొంత ముడిసరుకు ఒకటే, ఫినైల్ అలనిన్. 2002లో ఇజ్రాయెల్ పరిశోధకులు కార్నేషన్‌లో రంగు దారిలోని ఒక జన్యువును అణిచేస్తే, రంగు తగ్గి, మిథైల్ బెంజోయేట్ పెరిగి, పువ్వు మునుపటికంటే పరిమళించింది. అంటే వాసన తయారుచేసే శక్తి ఆ మొక్కలో చావలేదు, ముడిసరుకు మరోవైపు పోతోంది. మామూలు సంకరణంతో కూడా ఈ పని చేయవచ్చు, చేస్తున్నారు కూడా. ఇంగ్లండులో డేవిడ్ ఆస్టిన్ పాతకాలపు పరిమళ గులాబీలను కొత్తవాటితో కలిపి 20వ శతాబ్దపు రెండో సగంలో ఒక వర్గాన్నే సృష్టించాడు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన 'శృంగార', 'ప్రజ్వల్', 'సువాసిని', 'వైభవ్' రజనీగంధ రకాల్లో రెండు పేర్లలోనే పరిమళం, శృంగారం వినిపిస్తాయి.

గాలి తినేస్తున్న వాసన

పువ్వు తన పని తాను చేసినా సరిపోని రోజులొచ్చాయి. వాసన అణువు గాల్లోకి వచ్చాక ఓజోన్, వాహనాల పొగలోంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు దాన్ని విరగ్గొడతాయి. వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్ళు 2008లో లెక్కగట్టి చూపినదాని ప్రకారం, పరిశ్రమలు రాకముందు కిలోమీటరు దూరం దాకా పోయిన పూలవాసన, కాలుష్యం నిండిన నగరాల గాలిలో 200 నుంచి 300 మీటర్లకు మించి పోదు. 2024లో 'సైన్స్' పత్రికలో వచ్చిన మరో పరిశోధన రాత్రి గాలిని చూసింది. నైట్రేట్ రాడికల్ అనే అణువు సూర్యకాంతిలో నిలవదు, చీకట్లో పేరుకుంటుంది. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒక తెల్ల ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ పువ్వు వాసనలోని టెర్పీన్లను అది విరగ్గొడితే, ఆ పూల దగ్గరికి హాక్‌మాత్‌ల రాక 70 శాతం తగ్గింది. పగటి పొగ కన్నా రాత్రి పొగ ఈ పూలకు ఎక్కువ నష్టమన్నమాట. మల్లెలోని లినలూల్ కూడా టెర్పీనే.

వేడి కూడా ఒక దెబ్బే. పగలు 22 డిగ్రీల దగ్గర పెంచిన పెటూనియా కంటే 28 డిగ్రీల దగ్గర పెంచినది తక్కువ వాసన తయారుచేసింది, తయారీకి కావలసిన జన్యువులే మందగించాయి. ప్రతి జాతికీ తన హద్దు ఉంటుంది. పెటూనియా చలిపువ్వు, మల్లె ఎండాకాలపు పువ్వు, కాబట్టి ఒకదాని అంకెలు రెండోదానికి అంటగట్టలేం. కానీ రేకులో జరిగేది ఎంజైముల పని, ఎంజైములకు ఉష్ణోగ్రత లెక్క తప్పదు. దండను ఫ్రిజ్‌లో పెడితే వాడకుండా నిలుస్తుంది కానీ ఆ చల్లదనంలో వాసన తయారీ మందగిస్తుంది. పెట్టుకునే ముందు కాసేపు బయట ఉంచితే పువ్వు మళ్ళీ తన పనిలో పడుతుంది.

కడియం నర్సరీల్లో మొక్క ఎంచుకునేటప్పుడైనా, గుడిమల్కాపూర్ మార్కెట్లో పూలు బేరమాడేటప్పుడైనా మనం అడిగేవి రంగు, సైజు, ఎన్నాళ్ళు నిలుస్తుంది అన్న మూడే ప్రశ్నలు. అమ్మేవాళ్ళు అడిగినదే తెస్తారు, సంకరణం చేసేవాళ్ళు అమ్ముడయ్యేదే పెంచుతారు. కొత్త రకాలను పోల్చి మార్కులు వేసే పరిశోధన కేంద్రాల పట్టికల్లో పరిమళానికీ ఒక గడి ఉండాలి, దాని పక్కన ఏ వేళకు పరిమళిస్తుందో కూడా రాయాలి. ఉదయం పరీక్షించి రాత్రిపువ్వుకు సున్నా వేస్తే అది పరీక్షే కాదు. మన వంతు ఇంకా తేలిక. గులాబీ మొక్క కొనేముందు విచ్చిన పువ్వు ఒకటి చూపించమని అడిగి, వంగి వాసన చూడండి. మల్లె, రజనీగంధ అయితే సాయంత్రం పూట వెళ్ళి చూడండి. వాసన లేదంటే, రంగు ఎంత బాగున్నా, ఆ సంగతి అమ్మేవాళ్ళకు పైకి చెప్పండి.